మెయిన్‌ఫ్రేమ్ జాలములలో సెషనుల మార్గనిర్ణయము: సేవాతరగతుల పరిచయము

ట్రంకు టెలిఫోనుల కాలమున ఒక ఊరినుండి మరియొక ఊరికి మాటాడదలచినవారు కాలు బుక్ చేయునపుడే దాని తరగతిని తెలుపవలసియుండెడిది. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అను మూడు తరగతులలో రుసుము హెచ్చినకొలది నిరీక్షణము తగ్గెడిది. ఉన్న తీగలు కొద్ది, మాటాడువారు పెక్కుమంది. కావున ఎవరు ముందు, ఎవరు వెనుక అను ప్రశ్న తప్పనిదయ్యెను. ఈ ప్రశ్నయే కంప్యూటరు జాలములలోను తలయెత్తినది. ఐ.బి.ఎం. సంస్థ 1974లో ప్రకటించిన సిస్టమ్స్ నెట్‌వర్క్ ఆర్కిటెక్చర్ అను నిర్మాణపద్ధతిలో (దీనినే సంగ్రహముగా ఎస్.ఎన్.ఏ. అందురు) ఈ ప్రశ్నకు లభించిన సమాధానమునకు 'క్లాస్ ఆఫ్ సర్వీస్' అని పేరు. దీనిని తెలుగున సేవాతరగతి అనవచ్చును. రైలుబండికిని బడికిని తరగతి అను మాట ఎంతకాలముగానో అలవడియున్నందున ఇచట క్రొత్త పదముతో పనిలేదు.

సమస్య ఎంతటిదో కొంచెము లెక్కించిన తెలియును. ఆ కాలపు దూరపు తీగలలో సెకనుకు 9,600 బిట్లు మోయునది సాధారణము. బ్యాంకు గుమాస్తా ఎదుటనున్న తెరపై 24 వరుసలు, వరుసకు 80 అక్షరములు, మొత్తము 1,920 అక్షరములు పట్టును. అక్షరమునకు 8 బిట్లు చొప్పున ఆ తెర నిండుటకు సుమారు 1.6 సెకనులు చాలును. కాని అదే తీగపై 10 లక్షల అక్షరముల ఫైలు ఒకటి పోవలసియున్నచో దానికి 14 నిమిషములు కావలెను. ఆ ఫైలు ముందు బయలుదేరి, ఎవరికిని దారి ఈయకపోయినచో, కౌంటరువద్ద నిలిచిన ఖాతాదారు తన నిలువ ఎంతో తెలియక అంతసేపును నిలిచియుండవలసినదే. ఫైలు 14 నిమిషములకు బదులు 20 నిమిషములలో చేరినను ఎవరికిని బాధ లేదు. ఒకే తీగను వాడుకొను ఈ ఇరువురి అవసరములు ఒకే జాతివి కావు. సేవాతరగతి అను భావనకు మూలము ఇదియే.

ఈ పద్ధతిలో తరగతి పొందునది ఒక్కొక్క సందేశము కాదు, సెషన్. రెండు కొసలయందుండి పరస్పరము సందేశములు పంపుకొను పక్షములకు, అనగా గుమాస్తా తెరకును దూరపు యంత్రముననున్న కార్యక్రమమునకును, నడుమ కొంతకాలము నిలిచియుండు ఒప్పందమును సెషన్ అందురు. మొదటిపక్షము బైండ్ అను ఆజ్ఞను పంపి షరతులను తెలుపగా రెండవపక్షము అంగీకరించును. అప్పటినుండి అది ముగియువరకు ఆ షరతులే చెల్లును. ఈ పదమును తెలుగు చేయబోయినచో చిక్కు కలుగును. 'సమావేశము' అనిన శాసనసభ స్ఫురించును. 'సంభాషణ' అనినచో మాటలు మాత్రమే గోచరించును గాని మాటలకు ముందు కుదిరిన ఒప్పందము గోచరింపదు. సెషన్సు కోర్టు మూలమున ఆ మాట తెలుగు చెవికి క్రొత్తది కాదు గనుక దానినే ఉంచుట మేలు.

1974నాటి తొలిరూపమున ఒక పెద్ద యంత్రమును, దానిక్రింద కొమ్మలవలె వ్యాపించిన పరికరములును మాత్రమే యుండెను. చెట్టుకొమ్మ నుండి మొదటికి ఒకటే దారి గనుక దారిని ఎన్నుకొను ప్రసక్తియే లేదు. తరువాత పలు యంత్రములు ఒకే జాలమున చేరినవి. 1970ల చివర వచ్చిన మార్పులతో రెండు కొసలనడుమ ఒకటికంటె ఎక్కువ మార్గములు సాధ్యమయ్యెను. ఎన్నుకొను వీలు కలిగిన పిదపనే తరగతికి పూర్తి అర్థము కలిగినది.

ఆ మార్గములు మూడు అంతస్తులుగా నుండును. ప్రక్కప్రక్కనున్న రెండు కేంద్రములను కలుపు తీగలకట్ట అన్నిటికంటె క్రిందిది. దీనికి ట్రాన్స్‌మిషన్ గ్రూప్ అని పేరు. కట్టలో ఒక తీగ తెగినను మిగిలినవి పని నడుపును. వేర్వేరు తీగలపై వచ్చిన సందేశములు వరుస తప్పినచో వరుససంఖ్యలనుబట్టి అవతలివైపున సరిచేయబడును. ఇట్టి కట్టలను ఒకదానివెంట ఒకటి కూర్చగా ఏర్పడునది ఎక్స్‌ప్లిసిట్ రూట్, అనగా నిర్దిష్టమార్గము. ఇందలి విశేషమేమనగా, మార్గమధ్యముననున్న ఏ కేంద్రమునకును దారి మొత్తము తెలియదు. ఫలానా గమ్యమునకు ఫలానా సంఖ్యగల మార్గమున వచ్చినదానిని తరువాత ఎవరికి, ఏ కట్టపై అందీయవలెనో అంతమాత్రమే దాని పట్టికలో నుండును. అన్నిటికంటె పైనున్నది వర్చ్యువల్ రూట్. ఇది రెండు కొసలకు మాత్రమే తెలిసినది; ఎన్ని సందేశములు పంపవచ్చును, ఎప్పుడు ఆగవలెను అను నియమము ఇక్కడనే పాటింపబడును.

వర్చ్యువల్ అను మాటను 'మిథ్యా' అని అనువదించుట భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకముల అలవాటు. అద్దములోని ప్రతిబింబమునకు ఆ మాట తగినదే. ఇచట మాత్రము అది తలక్రిందులైన అర్థమునిచ్చును. ఈ మార్గము మిథ్య కాదు. దారిలో రద్దీ కలిగినపుడు రెండు కొసలను అదుపునందుంచునది ఇదియే. 'కల్పిత' అనినను దోషము తీరదు. పరిభాషాకర్తలు మూలపదమును మాత్రమే చూచి, ఆ వస్తువు చేయు పనిని చూడకపోవుటవలన కలుగు పొరపాట్లకు ఇదియొక ఉదాహరణము.

రెండు కేంద్రములనడుమ వర్చ్యువల్ మార్గములకు 0 నుండి 7 వరకు సంఖ్యలు కలవు. ఒక్కొక్క సంఖ్యకు 0, 1, 2 అను మూడు ప్రాధాన్యములు కలవు. 2 అన్నిటికంటె ముందు నడచునది. ఈ లెక్కన మొత్తము 24 జంటలు. సేవాతరగతి అనునది ఈ జంటలలో కొన్నిటిని ఇష్టక్రమమున వ్రాసిన జాబితా మాత్రమే! తరగతి అనగానే ఏదో వేగమునకో నాణ్యతకో హామీ అని తోచును గాని నిజమునకు అట్టి హామీ ఏదియు లేదు. సెషన్ ఆరంభమగునపుడు వీటామ్ అను కార్యక్రమము జాబితాను పైనుండి చూచుచు, పనిచేయుచున్న, లేదా పనిచేయింప వీలైన మొదటి మార్గమును గ్రహించును.

ఉపగ్రహమార్గము ఇందుకు చక్కని ఉదాహరణము. భూస్థిర ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. సంకేతము పైకి పోయి క్రిందికి వచ్చుటకే పావు సెకను పట్టును. ప్రశ్నకును జవాబునకును కలిపి అర సెకను. పెద్ద ఫైలునకు ఈ ఆలస్యము లెక్కలోనిది కాదు, తెరవద్ద కూర్చున్నవానికి మాత్రము ప్రతిపర్యాయమును విసుగు కలిగించును. కావున తెరల తరగతి జాబితాలో నేలమీది తీగ మొదటను, ఉపగ్రహము చివరను వ్రాయుదురు. ఫైలుల తరగతిలో క్రమము దీనికి విపర్యయము. మార్గములు అవియే, క్రమములోనే భేదము.

ప్రాధాన్యము పనిచేయు రీతిని రైల్వేవారి ఒంటిదారితో పోల్చవచ్చును. మెయిలు బండి వచ్చుచున్నదనిన గూడ్సు బండిని లూపులైనుపై నిలుపుదురు. అయితే స్టేషను దాటి సెక్షనులో ప్రవేశించిన గూడ్సును వెనుకకు పిలువజాలరు. తీగపైని సందేశముగతియు ఇట్టిదే. 4,096 అక్షరముల ఖండమొకటి 9,600 బిట్ల తీగపై అప్పుడే బయలుదేరియున్నచో, దాని వెనుక వచ్చిన అగ్రప్రాధాన్యపు సందేశము సుమారు 3.4 సెకనులు ఆగవలసినదే. ఫైలును 256 అక్షరముల ముక్కలుగా విడదీసినపుడు ఈ నిరీక్షణము 0.2 సెకనుకు తగ్గును. అగ్రతరగతివారి సుఖము తమ తరగతిపైననేగాక క్రిందితరగతివారి ఖండముల పరిమాణముపైనను ఆధారపడియున్నదన్నమాట. ఇంకొక మాట. అందరిని అగ్రతరగతిలో చేర్చినచో తరగతియే నశించును. ఈ ప్రలోభమునకు లోనగువారు ఎక్కువ. ప్రతి శాఖయు తన పనియే తొందరపనియని చెప్పుట సహజము.

భాషాశాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించు భాగము పేర్లకు సంబంధించినది. సెషన్ కోరువాడు తరగతిని నేరుగా పేర్కొనడు. అతడు చెప్పునది మోడ్ పేరు. మోడ్ పట్టికలో ఆ పేరుకు ఎదుట, ఇతర షరతులతోబాటు, తరగతి పేరు వ్రాయబడియుండును. అది ఎనిమిది అక్షరములకు మించరాదు. ఆ పేరును తరగతిపట్టికలో చూచినగాని జాబితా దొరకదు. మోడ్ పట్టిక తెరను ఏలు యంత్రమునందు, తరగతిపట్టిక కార్యక్రమమున్న యంత్రమునందు ఉండుట గమనింపదగినది. అనగా శబ్దము ఒకచోట ఉచ్చరింపబడును, అర్థము మరియొకచోట చెప్పబడును. ఇరువురును ఒకే నిఘంటువును పాటింపకున్నచో, ఒకడు తొందరపనికై పెట్టిన పేరు రెండవవానియొద్ద ఫైలులకు చెల్లవచ్చును. అట్టి పొరపాటున దోషసూచన ఏదియు రాదు. సెషన్ చక్కగా నడచును, మెల్లగా నడచును. పట్టికలో పేరే లేనపుడు సెషన్ కుదరకపోవుటయే ఒకవిధముగా మేలు, దోషము బయటపడును గనుక. పేరు చెప్పనివారికై ఖాళీ అక్షరములే పేరుగాగల తరగతి యొకటి కలదు. పాణినీయము చదివినవారికి లోపమును ఒక ఆదేశముగా పరిగణించుట ఇచట గుర్తునకు రావచ్చును. 1980లలో వేర్వేరు సంస్థల జాలములను కలుపు పద్ధతి వచ్చిన పిదప ఈ పేర్ల చిక్కు హెచ్చినది. అందుచే సరిహద్దునందు ఒక జాలపు తరగతి పేరును రెండవ జాలపు పేరుగా మార్చు పట్టికలు ఏర్పరచిరి. అది అక్షరాలా అనువాదమే.

ఈ ఏర్పాటునకు గల పెద్దలోపము స్థిరత్వమునుండియే పుట్టినది. సెషన్ పుట్టినపుడు నిర్ణయమైన మార్గము అది ముగియువరకు మారదు. మార్గము తెగినచో దానిపైనున్న సెషనులన్నియు తెగును; వాడుకరి మరల ప్రవేశింపవలెను, అప్పుడు జాబితా మరల మొదటినుండి చూడబడును. రెండవ మార్గము సిద్ధముగానున్నను, చేయుచున్న పని నడుమనే నిలిచిపోవును. మంచిమార్గము మరల బాగుపడినపుడు రెండవమార్గముననున్నవారు దానంతట దానికి మారరు. ఒకే సెషనులో చిన్న ప్రశ్నయు పెద్ద నివేదికయు పంపువారికి రెండింటికిని ఒకే తరగతి గతి.

1986లో సిస్టమ్/36 అను చిన్నయంత్రములపై మొదలై 1990లలో మెయిన్‌ఫ్రేమునకు వచ్చిన ఏ.పి.పి.ఎన్. పద్ధతి ఈ జాబితాలను చేతితో వ్రాయు అవసరమును తొలగించినది. ఇందు తరగతి అనగా మార్గముల వరుస కాదు, గుణముల తూనిక. తీగయొక్క వేగము, ఆలస్యము, వ్యయము, భద్రత, కేంద్రముల రద్దీ మొదలగువానికి ప్రతి తరగతియు తన దృష్టినిబట్టి బరువులు కట్టును. మొత్తపు బరువు తక్కువయైన మార్గము లెక్కించి తీయబడును. ఇంటర్, బ్యాచ్ అను తరగతులును, వానికి భద్రతగల మార్గములనే కోరు జంటతరగతులును ముందే సిద్ధము చేసియుంచిరి. ప్రాధాన్యములు నాలుగైనవి: జాలపు స్వంతపనులకు అగ్రస్థానము, తరువాత ఉత్తమ, మధ్యమ, అధమములు. తరువాత వచ్చిన హెచ్.పి.ఆర్. అను పద్ధతిలో దారి తెగినను సెషన్ తెగక వేరుదారికి మరలు వీలు కలిగెను.

ఐ.బి.ఎం. 1978లో భారతదేశమును విడిచి 1992లో మరల వచ్చినది. ఈ భావనలు రూపుదిద్దుకొన్న సంవత్సరములలో ఆ సంస్థ ఈ దేశమున లేదు. 1990ల చివర, 2000 సంవత్సరపు తేదీల సమస్యకై మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవారు కావలసివచ్చినపుడు, హైదరాబాదు అమీర్‌పేట శిక్షణకేంద్రములలో తెలుగు యువకులు పెక్కుమంది ఆ విద్య నేర్చి విదేశములకు పోయిరి. వారి నోట లాగ్‌మోడ్, సెషన్, రూట్ అను మాటలు తెలుగు విభక్తులు చేర్చుకొని సెషన్‌కి, రూట్‌లో అని చక్కగా నడచినవి. వ్యాసరూపమున మాత్రము ఆ తెలుగు నిలువలేదు.

అప్పటికే జాలములు ఇంటర్నెట్ పద్ధతివైపు మరలుచుండెను. పాతసెషనులను క్రొత్త తీగలపై నడపుటకు ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ అను ఏర్పాటును 1998లో బహిరంగపత్రముగా ప్రకటించిరి. అందు నాలుగు ప్రాధాన్యములకు నాలుగు ద్వారసంఖ్యలు ఏర్పరచిరి: జాలపు పనులకు 12001, ఉత్తమమునకు 12002, మధ్యమమునకు 12003, అధమమునకు 12004. వీనికి ముందున్న 12000 సంకేతవ్యవహారమునకు. నడుమనున్న రౌటరునకు సెషన్ అననేమో తెలియదు, తరగతిపట్టికయు తెలియదు; సంఖ్యను చూచి దారి ఈయవలెనని దానికి ముందుగా చెప్పియున్నచో దారి ఇచ్చును, లేకున్న ఈయదు.