గుమ్మడి తోటకు వెళ్తే ఏ కాయ తేవాలి?

మీ అక్కచెల్లెళ్ళో, పిల్లలో అమెరికాలో ఉంటే అక్టోబరు నెలలో వాళ్ళు పంపే ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఎండుగడ్డి మోపుల మీద పిల్లలు, చుట్టూ కనుచూపు మేర నారింజ రంగు గుమ్మడికాయలు! 'ఇన్ని కాయలు ఏం చేసుకుంటారే తల్లీ' అనిపిస్తుంది కదూ? 2024 అక్టోబరులో మా దగ్గరికి వచ్చినప్పుడు మా అత్తగారూ అదే అడిగారు. మేముండేది షికాగోకి దగ్గర్లో. గుమ్మడి పంటలో అమెరికా మొత్తానికీ మా ఇల్లినాయిస్ రాష్ట్రమే మొదటిది. అందుకని ఆవిణ్ణి చూడ్డానికే తీసుకెళ్ళాం.

ఈ తోటల్ని ఇక్కడ పంప్‌కిన్ ప్యాచ్ అంటారు. ఆకులు పసుపూ ఎరుపూ అయి రాలే కాలంలో, సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ దాకా తెరిచి ఉంచుతారు. చాలా చోట్ల లోపలికి టికెట్టు, కాయలకు మళ్ళీ వేరే డబ్బు. ట్రాక్టరు వెనక బండి కట్టి, అందులో గడ్డి మోపులు వేసి మనల్ని చేలోకి తీసుకెళ్తారు. అచ్చం మన ఎడ్లబండి ప్రయాణమే, కుదుపులతో సహా! మొక్కజొన్న చేలో వంకర దారులు కత్తిరించి పద్మవ్యూహంలా చేస్తారు. పిల్లలు అందులోకి దూరితే ఓ పట్టాన బయటికి రారు. ఆపిల్ రసం కలిపి వేయించిన వేడి వేడి డోనట్లు కూడా అమ్ముతారు. మా అత్తగారు వాటికి 'చిల్లున్న తీపి గారెలు' అని పేరు పెట్టారు. వాన పడితే చేలో బురదే బురద. చీర కంటే చుడీదారూ, చెప్పుల కంటే బూట్లూ మేలు.

ఇంతకీ అన్ని కాయలూ ఎందుకంటే, తినడానికి కాదు. లోపలి గుజ్జు తీసేసి, పైన కళ్ళూ ముక్కూ పళ్ళూ చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మం ముందు ఉంచుతారు. ఐర్లండులో పూర్వం టర్నిప్ దుంపల్ని ఇలా చెక్కేవారట. అక్కణ్ణుంచి వలస వచ్చినవాళ్ళకు ఇక్కడ గుమ్మడికాయ దొరికింది. మా అత్తగారు విని 'ఓస్, మన దిష్టి గుమ్మడికాయే కదుటే' అని తేల్చేశారు.

చిక్కు ఇంటికొచ్చాక వచ్చింది. మా పదకొండేళ్ళ అమ్మాయి కత్తి పట్టుకుని కూర్చుంది. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. అత్తగారు వద్దన్నారు. 'ఎందుకు నానమ్మా, స్కూల్లో అందరం చెక్కాం కదా' అని అది. నేనెవరి వైపు మాట్లాడాలి చెప్పండి? ఆవిడ వచ్చిందే నాలుగు నెలలకి, పిల్ల ఉండేదేమో ఈ దేశంలో. చివరికి అత్తగారే కాయకు పసుపూ కుంకుమా పెట్టి, మావారి చేత చిన్న గాటు పెట్టించి, 'ఇంక నీ ఇష్టం' అన్నారు. పిల్ల మూతి ముడుచుకునే చెక్కింది. రెండో కాయ దగ్గర మావారు ఆఫీసులో ఉన్నారు. అది నానమ్మ వైపు చూసింది. ఆవిడ టీవీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఆవిడకి అసలు బాధ పట్టింపు గురించి కాదు లెండి, అంత తిండి వస్తువు పారేస్తారే అని. చెక్కిన గుజ్జుతో కూర వండబోయారు. పీచు, నీళ్ళు, రుచీ పచీ లేదు. ఎందుకంటే చెక్కే కాయ జాతి వేరు. మనం ఊళ్ళో వండుకునే మంచి గుమ్మడికి దగ్గర చుట్టం ఇక్కడి బటర్‌నట్ స్క్వాష్. డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జు కూడా ఎక్కువగా ఆ జాతిదే. తోటలోనే వండుకోవాలని కొంటే పై పేరుతోనో, 'పై పంప్‌కిన్', 'షుగర్ పంప్‌కిన్' అన్న పేర్లతోనో ఉండే చిన్న కాయలు అడగండి. గుమ్మడి పుట్టిల్లు కూడా అమెరికా ఖండమేనట. కొలంబస్ తర్వాత యూరపు వాళ్ళ ఓడల్లో మన దగ్గరికి చేరింది. బూడిద గుమ్మడి మాత్రం మన ఆసియాదే.

ఆ చిన్న కాయలతో దప్పళం బ్రహ్మాండంగా వస్తుంది. చిలగడదుంప, ములక్కాడ ముక్కలు సగం ఉడికాకే గుమ్మడి ముక్కలు వేయండి, లేకపోతే ముద్దయిపోతాయి. చింతపండు రసం, ఉప్పు, పసుపు, బెల్లం వేసి మరగనిచ్చి, చెంచా బియ్యప్పిండి నీళ్ళలో జారుగా కలిపి పోసి, మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టాలి. చెక్కే కాయలోని గింజలు కూడా పారేయకండి. కడిగి ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి వేయిస్తే పిల్లలు ఎగబడి తింటారు. కానీ చెక్కి గుమ్మంలో పెట్టిన కాయను మాత్రం మళ్ళీ వంటకు వాడకండి, రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. పండగయ్యాక ఇక్కడ కొన్ని ఊళ్ళల్లో అలాంటివి పోగుచేసి ఎరువుకు పంపుతారు.

కొనేటప్పుడు తొడిమ గట్టిగా, పచ్చిగా ఉన్నది చూసుకోండి. తొడిమ పట్టుకుని ఎత్తకండి, విరిగితే అక్కణ్ణుంచే కుళ్ళుతుంది. గాటు పడని కాయ చల్లని పొడి చోట పెడితే నెలల తరబడి ఉంటుంది. మేము తెచ్చిన వాటిలో ఒకటి సంక్రాంతి దాకా దాచాం.