ఖాళీని కాచే గొట్టం

వయసు మళ్లినవారి తలకు తగిలిన చిన్న దెబ్బ ఇంట్లో అందరూ మరిచిపోయాక, వారాల తర్వాత బయటపడుతుంది. మెదడుకూ దాన్ని కప్పే డ్యూరా పొరకూ మధ్య పాత రక్తం గూడు కట్టి మెదడును నొక్కుతుంది. ఇదే క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా. పుర్రెకు ఒకటి రెండు రంధ్రాలు వేస్తే ఇంజిన్ ఆయిల్ లాంటి ద్రవం బయటికొచ్చేస్తుంది. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. వయసుతో కుంచించుకుపోయిన మెదడు వెంటనే విప్పారి పాత చోటు నింపదు. గూడు చుట్టూ పెరిగిన పొరలోని బలహీనమైన రక్తనాళాలు ఆ ఖాళీలోకి మళ్లీ కారతాయి. 1857లో జర్మన్ వైద్యుడు విర్షో ఈ జబ్బును డ్యూరా పొర వాపుజబ్బుగా వర్ణించాడు. అంటే శస్త్రచికిత్స గెలవాల్సింది రక్తం మీదే కాదు, అది వదిలిపోయిన ఖాళీ మీద కూడా.

ఆ ఖాళీకి కాపలా పెట్టిన పరికరం ఒక మెత్తని గొట్టం, దాని చివర ఒక సంచి. మోటారు లేదు. నీరు పల్లమెరుగు అన్న సూత్రమే దాని ఇంజిన్. గొట్టాన్ని సాధారణంగా రెండు రోజులు ఉంచి తీసేస్తారు. ఇంత సాదా వస్తువు విలువ 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లాన్సెట్‌లో అచ్చువేసిన ప్రయోగంతో తేలింది. 215 మందిలో, గొట్టం పెట్టినవారికి 9.3 శాతమే తిరగబెట్టింది. పెట్టనివారికి 24 శాతం. ఆరు నెలల్లో మరణాలు కూడా 18.1 నుంచి 8.6 శాతానికి తగ్గాయి. మేలు స్పష్టం కావడంతో ప్రయోగాన్ని ముందే ఆపేశారు. మెదడు పక్కన గొట్టం పెడితే గాయమో, ఇన్ఫెక్షనో రాదా అన్న భయం సహజమే. దానికి జవాబుగా గొట్టమే చోటు మార్చుకుంది. 2019 నాటి స్విస్ ప్రయోగంలో పుర్రె ఎముక పైనే, దాన్ని అంటిపెట్టుకున్న పొర కింద పెట్టినప్పుడు ఇన్ఫెక్షన్లూ, గొట్టం తప్పుదారి పట్టడమూ తగ్గాయి.

ఇంత తతంగమెందుకు, స్టెరాయిడ్ మాత్రతో ఆ వాపునే అణచవచ్చు కదా అనొచ్చు. 2020లో బ్రిటన్‌లో 748 మందిపై డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పరీక్షించారు. మళ్లీ ఆపరేషన్ అవసరం 7.1 నుంచి 1.7 శాతానికి తగ్గింది, కానీ ఆరు నెలలకు బాగా కోలుకున్నవారు కూడా 90.3 నుంచి 83.9 శాతానికి తగ్గారు. తిరగబెట్టకపోవడం ఒకటి, మనిషి బాగుపడటం ఇంకొకటి. ఇంతకన్నా గట్టి సవాలు 2024లో వచ్చింది. డ్యూరాకు రక్తం పంపే మధ్య మెనింజియల్ ధమనిని లోపలినుంచి మూసేస్తే, 400 మంది ప్రయోగంలో మళ్లీ ఆపరేషన్ అవసరం 11.3 నుంచి 4.1 శాతానికి దిగింది. అయితే ఆ మూసివేత వల్ల స్ట్రోక్‌తో సహా తీవ్ర హాని 2 శాతం మందికి కలిగింది, పైగా ప్రయోగంలోని అందరికీ ఆపరేషన్ తప్పలేదు. ధమనిని మూసినా, అప్పటికే నిండిన గూడును ఖాళీ చేయాల్సిందేగా! ఒకటి ఊటను కడుతుంది, మరొకటి ఊరినదాన్ని తోడుతుంది. రెండూ పోటీ పనులు కావు.