ఏసీ కొనేముందు మిద్దె ఎక్కి చూడండి

నిజామాబాద్ జిల్లా కోటగిరి, వర్ని, రుద్రూరు, బోధన్ చుట్టుపక్కల ఇండ్లు కట్టించడం నా పని. ప్లాన్ పట్టుకొని వచ్చినవాళ్లు వాస్తు గురించి గంటసేపు అడుగుతారు. ఎలివేషన్‌కు ఏ టైల్స్ బాగుంటాయో అడుగుతారు. ఎండ సంగతి మాత్రం ఎత్తరు. గృహప్రవేశం తర్వాత మొదటి ఎండాకాలం ఫోన్ వస్తుంది: "సారూ, రాత్రి పదింటికి గూడ ఫ్యాన్ ఏస్తే ఉడుకుగాలే కొడుతున్నది. ఎన్ని టన్నుల ఏసీ పెట్టాలె?"

టన్నుల లెక్క తర్వాత. ముందు ఆ వేడి ఎటునుంచి వస్తుందో చూడాలి. మన ప్రాంతంలో మే నెల రెండోవారం దాటాక మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే దెబ్బంతా స్లాబుకే. సాయంత్రం వంతు పడమటి గోడది. దక్షిణపు గోడకు చాలామంది భయపడతారు గానీ ఎండాకాలంలో దాని మీద పడే ఎండ తక్కువే.

బయట 43 డిగ్రీలున్నప్పుడు నల్లబడిన స్లాబు పైభాగం 60 దాటుతుంది. కాంక్రీటు ఆ వేడిని పొద్దంతా పీల్చుకొని, చీకటిపడ్డాక గదిలోకి వదులుతుంది. కప్పు కింద చేరిన ఆ వేడినే ఫ్యాన్ మంచం మీదికి దించుతుంది.

దీనికి విరుగుడు తెలుపు. శివరాత్రి పోయాక మిద్దె శుభ్రంగా కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు కోట్లు వేస్తే పడిన ఎండలో చాలాభాగం వచ్చిన దారినే పోతుంది. సున్నం వానకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్లు ఉంటుంది. పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిస్తే ఇంకా మన్నిక. ఏది వేసినా దుమ్ము పేరుకుంటే గుణం తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడు కడగాలి. "పైన తెల్లగుంటే ఎవరు చూస్తరు సారూ?" అంటారు. సూర్యుడు చూస్తే చాలు.

హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 2017లో 25 పేదల ఇండ్ల కప్పులపై ఎండను తిప్పికొట్టే పొర పరిచి చూశారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రేకుల కింద బతికేవాళ్లకు అది చిన్న తేడా కాదు.

పడమటి గోడకు కిటికీ తప్పదంటే పైన సజ్జ రెండడుగులకు తగ్గనీయను. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సజ్జ ఒక్కటే ఆపలేదు; బయట తడకో, వేపచెట్టో కావాలి. తెర లోపల కడితే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చినట్టు.

ఇవి చేశాక కూలర్. 43 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, ప్యాడ్లు శుభ్రంగా ఉన్న కూలర్ 28 డిగ్రీల దాకా చల్లటి గాలి ఇస్తుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది మరి. కూలర్ తినే కరెంటు 200 వాట్ల లోపు. టన్నున్నర ఏసీకి దాదాపు 1,500 వాట్లు. అయితే ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గదిలో తేమ నిండి జిగటగా ఉంటుంది. తొలకరి పడ్డాక కూలర్ పని అయిపోయినట్టే.

పెద్ద భవనాలదీ ఇదే లెక్క. హైదరాబాద్‌లో 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో కప్పు మీద తోట పెంచారు, గాలి గోపురాలు కట్టారు. బయటి గాలి ఆ గోపురాల్లో చల్లబడి ఏసీ యంత్రాలకు చేరుతుంది. ఇరాన్‌లో యజ్ద్ ఊరివాళ్లు శతాబ్దాలుగా ఇండ్లపై కడుతున్న గాలి గోపురాలు దీనికి తాతలు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇండ్లకు చల్లని కప్పు తప్పనిసరి చేసింది. మన దగ్గర కట్టేవి చాలావరకు 150, 200 గజాల ఇండ్లే. వాటిని ప్రభుత్వం అడగదు. మే నెల కరెంటు బిల్లు అడుగుతుంది.