యుద్ధ శకటం కంటే మెత్తగా నడిచే సైకిలు

విద్యార్థులారా! ముందుగా ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

సంగారెడ్డి జిల్లాలో ఎద్దుమైలారం అనే ఊరుంది. 1984లో అక్కడ స్థాపించిన కర్మాగారంలో సైనికులను మోసుకుపోయే 'సరథ్' అనే యుద్ధ శకటాలు తయారవుతున్నాయి. ఒక్కొక్కటి సుమారు 14 టన్నుల బరువు. దానికి చక్రాల బదులు రెండు ఇనుప పట్టాలుంటాయి. ఒక్కో పట్టా వెడల్పు 30 సెంటీమీటర్లు, నేలను తాకే పొడవు సుమారు మూడున్నర మీటర్లు. రెండు పట్టాలూ కలిసి నేలను తాకే వైశాల్యం 21,000 చదరపు సెంటీమీటర్లు. 14,000 కిలోల బరువును ఆ వైశాల్యంతో భాగించండి. చదరపు సెంటీమీటరుకు సుమారు 0.67 కిలోలు వస్తుంది.

ఇప్పుడు మీ సైకిలు సంగతి చూడండి. మీరూ, సైకిలూ కలిసి 70 కిలోలనుకుందాం. సైకిలు షాపులో గాలిని 'పౌండ్ల'లో చెబుతారు. సుమారు 14 పౌండ్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనం. మామూలు సైకిలు టైరులో 40 పౌండ్ల పైచిలుకు గాలి ఉంటుంది, అంటే 3 కిలోలు. టైరు లోపలి గాలి ఎంత పీడనంతో ఉందో, టైరు నేలను కూడా దాదాపు అంతే పీడనంతో నొక్కుతుంది. 70ని 3తో భాగిస్తే 23 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చక్రం నేలను తాకే చోటు అగ్గిపెట్టె కంటే చిన్నది!

చూశారా, 14 టన్నుల శకటం కంటే మీ సైకిలే నేలను నాలుగున్నర రెట్లు గట్టిగా నొక్కుతోంది. మంజీర ఇసుకలోకి దిగగానే సైకిలు ఎందుకు కూరుకుపోతుందో ఇప్పుడు తెలిసింది కదా!

నా మాట నమ్మనక్కరలేదు, మీరే పరీక్షించండి. టైరుకు తడి సున్నం పూయండి. ఒకరు సైకిలు పైకెత్తి పట్టుకోగా, చక్రం కింద నల్ల కాగితం పెట్టి, చక్రాన్ని దించి, మరొకరు సీటు మీద కూర్చోండి. మళ్ళీ ఎత్తి, కాగితం మీది ముద్రను గళ్ళ కాగితంతో కొలవండి. సగం గాలి తీసి మళ్ళీ చేయండి. ముద్ర పెద్దదవుతుంది. సరిగ్గా రెట్టింపు కాకపోవచ్చు, ఎందుకంటే టైరు గోడకు కూడా కొంత బిగువు ఉంటుంది.

అయితే గాలి తగ్గించి ఇసుకలో పోవచ్చు కదా అంటారా? సన్నని టైరుతో అది కుదరదు. గాలి తగ్గితే రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి రెండు చోట్ల పంక్చరు అవుతుంది. తక్కువ గాలితో బరువు మోయాలంటే టైరు లావుగా ఉండాలి. ఇనుప పట్టీ వేసిన పాత ఎడ్లబండి దిగబడిన చోట టైరు బండి సులువుగా సాగిపోవడం మీ తాతలకు తెలుసు.

నాలుగు అంగుళాల వెడల్పు టైరులో 8 పౌండ్ల గాలి చాలు. అంటే 0.56 కిలోల పీడనం. 70ని దానితో భాగిస్తే 125 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు మన సైకిలు యుద్ధ శకటం కంటే మెత్తగా నడుస్తోందన్నమాట!

ఇలాంటి సైకిలు అవసరం మొదట మంచులో వచ్చింది. అమెరికాలోని అలాస్కాలో 1987లో మంచు దారుల మీద సుదీర్ఘమైన సైకిలు పందెం మొదలైంది. మామూలు చక్రాలు మంచులో దిగబడ్డాయి. సైమన్ రాకోవర్ అనే ఆయన రెండు రిమ్ములను పక్కపక్కన పెట్టి వెల్డింగు చేసి వెడల్పు రిమ్ము తయారు చేశాడు. తర్వాత 44 మిల్లీమీటర్ల వెడల్పు రిమ్మునే తయారు చేయించి అమ్మాడు. 2005లో సర్లీ అనే సంస్థ లావు టైర్ల కోసమే ప్రత్యేకంగా 'పగ్స్‌లీ' అనే సైకిలును బజారులోకి తెచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళలో కూడా ఇవి కనబడుతున్నాయి.

ఒక్క హెచ్చరిక. ఇసుకలో గెలిచిన ఈ సైకిలు నల్లరేగడి బురదలో గెలవదు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధనా కేంద్రం ఆవరణలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. వాన పడ్డాక ఎర్రనేల మీద సైకిలు పోతుంది. రేగడి మాత్రం టైరుకు అంటుకుని, పొరమీద పొర పేరుకుని, చివరికి ఫోర్కు మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. లావు టైరుకు ఇంకా ఎక్కువ మట్టి అంటుతుంది! పీడనం ఒక సంగతి, జిగట వేరే సంగతి.

ఇక అసలు విషయానికి వస్తాను. నా పాత విద్యార్థి ఒకడు పాశమైలారంలోని ఒక షెడ్డులో వెల్డరుగా పనిచేస్తున్నాడు. వాడి ఊరి దారిలో కొంత దూరం ఇసుక. లావు టైరు సైకిలు స్వయంగా తయారు చేసుకోవాలని పూనుకున్నాడు. మొదట పాత సైకిలుకే లావు టైరు వేద్దామనుకున్నాడు. టైరు ఫోర్కులో పట్టనే లేదు. ఎందుకో చూడండి. మామూలుగా వెనుక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు ఉంటే చాలు. నాలుగు అంగుళాల టైరుంటే 170 నుంచి 190 వరకు కావాలి. అప్పుడు టైరుకు తగలకుండా చెయిన్ కూడా బయటికి జరగాలి. అందుకోసం పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం వెడల్పు సుమారు 70 నుంచి 100 మిల్లీమీటర్లకు పెరగాలి. ఒక్క టైరు మార్చితే సైకిలంతా మారిందన్నమాట. చివరికి చట్రాన్ని కూడా కొత్తగా ఉక్కు గొట్టాలతో వెల్డింగు చేసుకున్నాడు.

తర్వాత బరువు సమస్య వచ్చింది. లావు టైరు ఒక్కటే సుమారు 1.4 కిలోలు, ట్యూబు 400 గ్రాములు, రిమ్ము 900 గ్రాములు. రెండు చక్రాల అంచుల్లోనే 5 కిలోలకు పైగా బరువు! అంచున ఉన్న బరువుకు ఒక ప్రత్యేకత ఉంది. సీటు బరువు ముందుకు పోతుందంతే. రిమ్ము ముందుకూ పోవాలి, తిరగాలి కూడా. ముందుకు పోవడానికి 'సగం గుణించు ద్రవ్యరాశి గుణించు వేగం వర్గం' అనే గతిశక్తి కావాలి. అంచున ఉన్న పదార్థం తిరగడానికి దాదాపు మరో అంతే కావాలి. కాబట్టి కదిలించేటప్పుడు చక్రం అంచున ఉన్న కిలో రెండు కిలోలతో సమానం. అయితే ఇది వేగం పెంచేటప్పుడు మాత్రమే. ఒకే వేగంతో చదును దారిలో పోతుంటే ఈ తేడా దాదాపు ఉండదు. దుకాణాల వాళ్ళు ఈ రెండో సగం చెప్పరు!

బరువు తగ్గించడానికి మా వాడికి కార్బన్ మీద మనసు పోయింది. కార్బన్ భాగాలంటే పెన్సిలు ములుకు లాంటివి కావు. ఆక్రిలిక్ జాతికి చెందిన సన్నని పోగులను మొదట గాలిలో 200 నుంచి 300 డిగ్రీల వరకు వేడి చేస్తారు. తర్వాత ఆక్సిజన్ తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. ఇతర మూలకాలు పోయి దాదాపు కర్బనమే మిగులుతుంది. ఒక్కో పోగు వ్యాసం సుమారు 7 మైక్రాన్లు, అంటే మన వెంట్రుకలో పదో వంతు. 1879లో ఎడిసన్ కూడా దీపం కోసం నూలు దారాన్ని, తర్వాత వెదురు పీచును ఇలాగే మసి చేశాడు. కానీ ఆ పోగుకు బలం లేదు. ఆక్రిలిక్ జాతి పోగుల నుంచి మంచి కార్బన్ పోగులు తీయవచ్చని 1961లో జపాన్ శాస్త్రజ్ఞుడు అకియో షిండో చూపించాడు.

పోగు ఒక్కటే ఉంటే దారం ఉండలా వంగిపోతుంది. దానికి ఎపాక్సీ అనే జిగురు పట్టించి, పొరలు పొరలుగా అచ్చులో పేర్చి, ఒత్తిడి పెట్టి వేడి చేస్తే గట్టిపడుతుంది. బంకమట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి గోడ పెట్టడం మీరు చూసే ఉంటారు. ఆలోచన అదే. గడ్డి లాగుడును ఆపుతుంది, మట్టి గడ్డిని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇలా తయారైన మిశ్రమ పదార్థం సాంద్రత సుమారు 1.6. అల్యూమినియంది 2.7, ఉక్కుది 7.8.

దీనికి వెదురు స్వభావం ఉంది. వెదురును నిలువునా కత్తితో ఇట్టే చీల్చవచ్చు, అడ్డంగా నరకడం కష్టం. కార్బన్ కూడా పోగుల దిశలోనే బలమైనది. అందుకే ఒక పొర నిలువుగా, ఒక పొర ఏటవాలుగా, ఒకటి అడ్డంగా వేస్తారు. బలం ఏ వైపు నుంచి వస్తుందో ముందే తెలుసుకుని పొరలు పేర్చాలి.

మన హైదరాబాదుకు ఈ విద్య కొత్తది కాదు. 1989 మే 22న మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణి ముక్కు కాలిపోకుండా కాపాడినది కార్బన్ మిశ్రమ కవచమే. అబ్దుల్ కలాం గారు ఒక సంగతి పలుమార్లు చెప్పేవారు. నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యులొకరు ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాం గారిని తన రోగుల దగ్గరికి తీసుకువెళ్ళారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపట్టాలతో కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాలలోనే 300 గ్రాముల కాలిపట్టాలు తయారై వచ్చాయి. పిల్లల కాలికి రెండున్నర కిలోలకు పైగా తగ్గడం ఎంత పెద్ద సంగతో ఊహించండి!

మా వాడు కూడా అలాగే మురిసిపోతూ ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఎవరి దగ్గరో కొన్న పాత కార్బన్ ఫోర్కు.

"ఒక్క చేత్తోని లేపి చూడుండ్రి సార్! ఉక్కుదైతే కిలోంబావు, ఇది ముప్పావు కిలో కూడ లేదు" అన్నాడు.

నిజమే, తేలికగా ఉంది. పైన రంగు నిగనిగలాడుతోంది. ఒక మూల చిన్న గీత మాత్రం ఉంది.

"ఒక రూపాయి బిళ్ళ ఇటివ్వు" అన్నాను.

మీ అమ్మ కుండ కొనేటప్పుడు వేలితో మీటి చూస్తుంది కదా? బాగున్న కుండ ఖంగుమంటుంది, పగిలినది బొదబొదమంటుంది. ఆ బిళ్ళతో ఫోర్కు పొడవునా తట్టుకుంటూ వచ్చాను. టక్, టక్, టక్... మెడ దగ్గర, ఆ గీత ఉన్న చోట, డప్. మళ్ళీ తట్టాను. మళ్ళీ డప్. లోపల పొరలు విడిపోయాయన్నమాట. వాడి ముఖం చిన్నబోయింది. మూడు నెలలు కూడబెట్టిన డబ్బు మరి.

"కొంచెమే కద సార్, నడవదా?"

నడుస్తుంది, ఒక రోజు వరకు. ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు నేల చక్రాన్ని వెనక్కి నెడుతుంది. ఫోర్కు ఒక తులాదండంలా పనిచేస్తుంది. చక్రం ఇరుసు దగ్గర 40 కిలోల బలం పనిచేస్తే, 45 సెంటీమీటర్ల పైన ఉన్న మెడ దగ్గర వంచే ప్రభావం 1,800 కిలో సెంటీమీటర్లు. ఫోర్కులో ఎక్కడా ఇంత ఎక్కువ ఉండదు. సరిగ్గా అక్కడే పొరలు విడిపోయాయి! ఉక్కు ముందు వంగుతుంది, తర్వాత విరుగుతుంది. వంగినప్పుడు మనం చూసి దిగిపోతాం. కార్బన్ సాధారణంగా అలా వంగి చెప్పదు, ఒక్కసారిగా విరుగుతుంది. అప్పుడు నేలను తాకేది మన ముఖమే. బిళ్ళ పరీక్షలో ఖంగుమన్నంత మాత్రాన దోషం లేదని కూడా అనుకోకూడదు. విమానాల భాగాలను అందుకే అతిధ్వనులతో పరీక్షిస్తారు. డప్ మన్నది మాత్రం వదిలేయవలసినదే.

మా వాడు రెండు రోజులు అలిగి, మూడో రోజు అతుకులేని ఉక్కు గొట్టం తెచ్చి ఫోర్కును తానే వెల్డింగు చేశాడు. దానిని బిగించి బరువులు వేలాడదీసి చూసిన తర్వాతే చక్రం ఎక్కించాడు. వాడికి ఆ పనిలో పదేళ్ళ అనుభవం ఉంది, మీరు ప్రయత్నించకండి. కార్బన్ ఆశ పూర్తిగా చావక, కొత్త కార్బన్ హ్యాండిల్ గొట్టం, సీటు గొట్టం కొన్నాడు. రెండూ కలిసి తగ్గించినది 200 గ్రాములు. పలుచని ట్యూబులు వేస్తే అంతకు రెట్టింపు తగ్గింది, అదీ చక్రం అంచున, అతి తక్కువ ఖర్చుతో! కార్బన్ రిమ్ముల ధర అడిగి నవ్వి ఊరుకున్నాడు.

కార్బన్ గొట్టాన్ని బిగించేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, పానాతో బలం కొద్దీ తిప్పకూడదు. చాలా వాటికి 5 న్యూటన్ మీటర్లు చాలు, అంటే 10 సెంటీమీటర్ల పానా కొసన 5 కిలోల బలం. స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే తెలుస్తుంది. రెండవది పదో తరగతి పాఠమే. కార్బన్, అల్యూమినియం తగిలి ఉండి మధ్యలోకి ఉప్పునీరు చేరితే అదొక విద్యుత్ ఘటం అవుతుంది. చెమట ఉప్పునీరే కదా! అల్యూమినియం తినివేయబడి, తెల్లని పొడి కట్టి, గొట్టం అక్కడే పట్టేస్తుంది. కాబట్టి అప్పుడప్పుడు ఊడదీసి తుడవాలి. గొట్టం కోయవలసి వస్తే తడి చేసి, ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు పెట్టుకుని కోయాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇంత చేసినా చివర్లో ఒక పొరపాటు జరిగింది. దారిలో ఒక దుకాణంలో గాలి కొట్టించుకున్నాడు. అక్కడి కుర్రవాడు అలవాటు కొద్దీ అన్ని సైకిళ్ళకూ కొట్టినట్టే 40 పౌండ్లు కొట్టాడు. పది గజాలు పోయేసరికి టైరు రిమ్ము నుంచి ఊడి, బాంబులా పేలింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు.

లావు టైరు మరింత బలమైనది కాదా అని మీకు సందేహం రావచ్చు. టైరు గోడను సాగదీసే బలం పీడనాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది. సన్న టైరు వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు, పీడనం 3 అయితే గోడలో ప్రతి సెంటీమీటరుకు 6 కిలోల లాగుడు. లావు టైరు వ్యాసార్ధం 5. అదే పీడనానికి లాగుడు 15 కిలోలు! 8 పౌండ్లకైతే మూడు కిలోలు కూడా ఉండదు. టైరు పక్కన గరిష్ఠ పీడనం ముద్రించి ఉంటుంది, కానీ గాలి కొట్టేచోట అది చదివేవారెవరు?

ఇప్పుడు మా వాడి సైకిలు రిమ్ముల మీద రెండు వైపులా ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు ఉన్నాయి: "8 పౌండ్లు మాత్రమే."