గాలికి తగ్గ డీజిల్: పాత లారీల టర్బో, పంపుల మరమ్మతు

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారు, పదిహేడు రెట్లు అదిమేసరికి ఆ గాలి డీజిల్‌ను అంటించేంత వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి. గాలి తక్కువై డీజిల్ ఎక్కువైతే నల్ల పొగ వస్తుంది. డీజిల్ చాలకపోతే బండి లాగదు. టర్బో గాలి సంగతి చూస్తుంది, పంపూ నాజిళ్లూ డీజిల్ సంగతి చూస్తాయి. అందుకే పాత లారీలో ఒకదాన్ని బాగుచేస్తూ రెండోదాన్ని వదిలేస్తే ఆ మరమ్మతు నిలవదు.

ఇలాంటి పాత బండ్లు ఇంకా బరువు మోస్తున్న చోట్లలో బర్మా నగరం యాంగోన్ ఒకటి. నది ఒడ్డున సన్నటి పట్టీలా ఉండే సేక్కాన్ పేటకు బర్మా భాషలో అర్థమే రేవు. మన పెద్దలు ఆ నగరాన్ని రంగం అనేవారు. గోదావరి జిల్లాల నుంచీ విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచీ పడవెక్కిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు కోరంగి రేవు పేరుతో కోరంగులని పిలిచారు. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు చేసిన సమ్మె పెద్ద అల్లర్లకు దారితీసింది. అప్పట్లో మనుషులు భుజాన మోసిన సరుకును ఇప్పుడు క్రేన్లు దించుతుంటే లారీలు తీసుకుపోతున్నాయి.

ఆ లారీల్లో జపాన్‌వే ఎక్కువ. దానికీ ఒక చరిత్ర ఉంది. 1954లో కుదిరిన యుద్ధ నష్టపరిహారపు ఒప్పందం కింద జపాన్ సాయంతో బర్మాలోనే హినో లారీల కూర్పు మొదలైంది. 2011 తర్వాత దిగుమతి నిబంధనలు సడలడంతో జపాన్‌లో వాడిన హినో, నిస్సాన్ డీజిల్, ఫ్యూసో, ఇసుజు బండ్లు పెద్దఎత్తున వచ్చాయి. 1970లో ఆ దేశం రోడ్డుకు కుడివైపు నడపడానికి మారినా ఈ బండ్ల స్టీరింగ్ మాత్రం కుడివైపునే ఉంటుంది. మన దగ్గర విజయవాడ ఆటోనగర్‌లో టాటా 1210 మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌కు వీటి పంపు విప్పితే కొత్తగా తోచేది తక్కువ. టాటా పంపులు చేసిన బెంగళూరు మైకోకూ, జపాన్ పంపులు చేసిన డీజిల్ కీకీ కంపెనీకీ మూలం జర్మనీ బాష్ పరిజ్ఞానమే.

మరమ్మతు ట్యాంకు దగ్గర మొదలవ్వాలి. యాంగోన్‌లో మే నుంచి అక్టోబరు దాకా వాన వదలదు, ఏడాదికి రెండున్నర మీటర్ల పైనే కురుస్తుంది. అలాంటి తడిలో సగం ఖాళీగా నిలిపిన ట్యాంకు లోపల రాత్రిపూట చెమ్మ పట్టి, ఆ నీరు డీజిల్ అడుగున చేరుతుంది. పీపాల్లో నిల్వ చేసిన డీజిల్‌తో నీటికి తోడు తుప్పు కూడా వస్తుంది. పంపు ఎలిమెంటులో ప్లంజర్‌కూ దాని బ్యారెల్‌కూ మధ్య ఖాళీ రెండు, మూడు మైక్రాన్లే. మనిషి తల వెంట్రుక మందం అంతకు ఇరవై రెట్లకు పైమాటే. కంటికి కనబడని నలుసు కూడా అక్కడ గీత పెడుతుంది. ఫిల్టర్ గిన్నె అడుగున నీళ్లు కనిపిస్తే, ట్యాంకు కడిగి ఫిల్టర్లు మార్చాకే పంపు జోలికి పోవాలి. లేకపోతే కొత్త ఎలిమెంట్లూ అదే నీటికి బలైపోతాయి.

తర్వాత చూడాల్సింది గాలి పట్టడం. రాత్రి నిలిపిన బండి పొద్దున ఎంత తిప్పినా అందుకోకపోయినా, ఎత్తెక్కేటప్పుడు తడబడినా, చాలాసార్లు కారణం ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా వచ్చే పైపులో ఒక వదులు వాషరే. అక్కడ డీజిల్ బయటకు కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే మరక కనిపించదు. ఫిల్టర్ మీది స్క్రూ వదులుచేసి చేతి పంపు కొడితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చాక స్క్రూ బిగించాలి. మర్నాటికి మళ్లీ బుడగలొస్తే పంపు కంటే ముందు పైపునే అనుమానించాలి.

నాజిల్ పరీక్ష చూడ్డానికి చిన్నదే గానీ అది చెప్పే సంగతులు చాలా. నాజిల్‌ను చేతి టెస్టర్‌కు బిగించి లీవర్ నొక్కుతారు. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పాత ఇంజిన్లలో చాలావాటికి 180 నుంచి 220 బార్ దగ్గర నాజిల్ తెరుచుకోవాలి. కారు టైరులో ఉండే ఒత్తిడి రెండు బార్ల చిల్లర. మంచి నాజిల్ కిర్రుమని చప్పుడు చేస్తూ, ఉన్న రంధ్రాలన్నిటిలోంచీ ఒకే తీరున పొగమంచులా చిమ్ముతుంది. తెరుచుకునే ఒత్తిడికి ఇరవై బార్లు తక్కువలో పట్టి ఉంచి పది సెకన్లు చూసినా కొన దగ్గర చుక్క రాలకూడదు. చుక్క రాలే నాజిల్ అడుగున పిస్టన్ తల కాలి గుంట పడుతుంది. ఆ చిమ్ము కింద చెయ్యి మాత్రం పెట్టకూడదు. డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం.

ఆరు సిలిండర్లకూ డీజిల్ సమానంగా పడుతోందా అనేది బండి మీద తేలదు. పంపును విప్పి టెస్ట్ బెంచ్ మీద తిప్పి, గాజు గొట్టాల్లో కొలిచి సరిచెయ్యాలి. తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ కుదర్చడానికి పాత పద్ధతి ఒకటుంది. మొదటి సిలిండర్ డెలివరీ వాల్వ్ తీసి అక్కడ వంపు గొట్టం బిగిస్తారు. ఒకరు చేతి పంపు కొడుతుంటే మరొకరు ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతారు. ధారగా వచ్చే డీజిల్ సన్నబడి చుక్కలుగా మారి ఆగే చోటే పంపు డీజిల్ పంపడం మొదలుపెట్టే క్షణం. ఫ్లైవీల్ మీద అది కంపెనీ చెప్పిన డిగ్రీకి సరిపోవాలి. కంప్యూటర్ లేకుండా ఇంత కచ్చితంగా కుదరడం వల్లే ఈ ఇంజిన్లు ఇన్నేళ్లు నిలిచాయి.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు తీసుకున్న టర్బో ఆలోచన తేలికైనదే. వృథాగా పోయే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీది రెండో చక్రం గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతూ, పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. టర్బో పోయిందంటే ఆ ఆయిల్‌లో ఏదో తేడా వచ్చిందనే ముందు అనుకోవాలి. ఆయిల్ మాసిపోవడం, వచ్చే పైపులో మసి గడ్డకట్టడం, పోయే పైపు నొక్కుకుపోవడం, వేడి మీదున్న ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపేయడం మామూలుగా కనిపించే కారణాలు. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయినా టర్బో గాలి వైపు ఆయిల్ లాక్కుంటుంది. నీలం పొగ చూసి టర్బో మార్చేసి పాత ఎయిర్ క్లీనర్‌నే ఉంచితే కొత్త టర్బో కూడా ఆయిల్ తాగుతుంది.

ఇరుసును వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే కాస్త ఆడుతుంది. ఆయిల్ పొరకు ఆ చోటు కావాలి, దాన్ని అరుగుదల అనుకోకూడదు. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు చేతికి ఆట తెలిసినా, చక్రం గోడకు రాసుకున్న గుర్తు కనిపించినా మాత్రం టర్బో విప్పాల్సిందే. చాలా టర్బో బండ్ల పంపు మీద ఒక రబ్బరు పొర ఉంటుంది. టర్బో గాలి ఒత్తిడి దాన్ని నొక్కితేనే పంపు అదనపు డీజిల్ వదులుతుంది. ఆ పొర చిరిగినా, దానికి వచ్చే సన్న పైపు పగిలినా బండి లాగదు. అలాంటప్పుడు కొందరు బాగున్న టర్బోనే మార్పించేస్తారు. వందల్లో తేలే పని వేలల్లోకి పోతుంది.

బలం పెంచాలనుకున్నప్పుడే అసలు చిక్కు. పంపు మీద సీసం సీలు తెంచి స్క్రూ ఒక చుట్టు తిప్పితే పికప్ వచ్చినట్టే ఉంటుంది. గాలి పెరగలేదు గనుక ఎక్కువైన డీజిల్ పొగ అవుతుంది, పొగ వేడి హద్దు దాటుతుంది, పిస్టన్లూ టర్బో చక్రమూ ఆ వేడికి గురవుతాయి. టర్బో లేని ఇంజిన్‌కు టర్బో తగిలించడం ఇంకా పెద్ద మార్పు. టాటా 697 ఇంజిన్ 697 టీసీ అయినా, నిస్సాన్ డీజిల్ ఎఫ్ఈ6 ఎఫ్ఈ6టీ అయినా ఆ జత కుదిర్చింది కంపెనీయే. కనక పాత ఇంజిన్‌కు విడిగా టర్బో అతికించే కంటే, టర్బోకని చేసిన ఇంజిన్‌నే దాని పంపుతో సహా దించుకోవడం మేలు.

టర్బో ఇప్పటికే ఉన్న బండికి తొలి మెరుగు ఇంటర్‌కూలర్. టర్బో నుంచి 150 డిగ్రీల వేడితో వచ్చే గాలిని 50 డిగ్రీలకు దించితే, అదే ఒత్తిడిలో అదే చోట పట్టే గాలి బరువు 30 శాతం దాకా పెరుగుతుంది. ఆ తర్వాతే, బెంచ్ మీద కొలిచి, పొగ వేడి చూపే మీటర్ పెట్టుకుని డీజిల్ పెంచాలి.

ఈ చేతి పనికి ఒక హద్దుంది. 1995లో హినో రేంజర్ లారీలో డెన్సో కంపెనీ కామన్ రైల్ పద్ధతి తెచ్చింది. అక్కడి నుంచి ఒత్తిడి వెయ్యి బార్లు దాటింది, డీజిల్ ఎంత, ఎప్పుడు పడాలో కంప్యూటర్ చెబుతుంది. ఆ బండ్లలో పైపు విప్పి గాలి తీయడం, నాజిల్‌ను పాత టెస్టర్ మీద నొక్కడం పనికిరావు.

పాత బండికి పని పూర్తయ్యాక ఇంజిన్‌ను వెంటనే అందుకోనివ్వకూడదు. ముందుగా టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి ఇరుసును వేలితో తిప్పాలి. డీజిల్ ఆపే తీగ లాగి పట్టుకుని ఆయిల్ మీటర్ లేచేదాకా స్టార్టర్ తిప్పాలి. స్టార్టయ్యాక కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి జాయింట్లు చూసుకోవాలి. లోడుతో ఒక ఎత్తెక్కించి పొగ రంగు గమనించి, తిరిగొచ్చాక రెండు మూడు నిమిషాలు నిదానంగా నడవనిచ్చి ఆపాలి. చల్లారాక ఆయిల్ మట్టం చూసి, పైపుల బిగింపు మరోసారి సరిచూస్తే బండి రేవుకు వెళ్లొచ్చు.