ఇంటిపేరు నుంచి ఎక్స్‌రే దాకా

అమెరికా పౌరులను పెళ్లాడి ఇక్కడి నుంచి వెళ్లే భార్యకో భర్తకో ఇచ్చేది వలస వీసా. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండితే అది ఐఆర్-1, నిండకపోతే సీఆర్-1. అక్కడున్నవారు ముందుగా ఐ-130 పిటిషన్ వేస్తారు. అది ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అప్పుడు ఇక్కడివారు డీఎస్-260 ఫారం నింపి, ఫీజులు కట్టి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే ఇంటర్వ్యూ తేదీ వస్తుంది. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారిని పెళ్లి చేసుకుంటే కోటా వరుసలో ఆగాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 దారి వేరు, అది వలస వీసా కాదు. పెళ్లి వలస వీసాల కోసం తెలుగువారు ఎక్కువగా ముంబై కాన్సులేట్‌కే వెళ్తారు. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా, పిలుపు లేఖలో ఏ ఊరు రాసి ఉంటే ఆ ఊరికే వెళ్లాలి.

తెలుగువారికి అసలు చిక్కు ప్రశ్నల దగ్గర కాదు, పేర్ల దగ్గర వస్తుంది. టెన్త్ మెమోలో ‘కె. వెంకట లక్ష్మి’ అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి, ‘వెంకటలక్ష్మి’ని ఒకే మాటగా కలిపేస్తారు. పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఈ మూడు కాగితాలూ ఒకే మనిషివని ఊళ్లో అందరికీ తెలుసు, కౌంటర్ అవతలి అధికారికి తెలియదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే ఇంకో తంటా. ఆ పేరు సర్‌నేమ్‌గా పడి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. అమెరికాలో బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు, లైసెన్సు తీసుకునేటప్పుడు ఈ మూడక్షరాలు వెంటపడతాయి. పాస్‌పోర్టు సరిచేయించుకోవడం ఫైలు కదలకముందే జరగాలి. డీఎస్-260లో ‘ఇతర పేర్లు’ అని అడిగినచోట పెళ్లికి ముందు పేరు, పొడి అక్షరాలతో ఉన్న పేరు అన్నీ రాయాలి.

పెళ్లికి రుజువు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. శుభలేఖ, గుడి రసీదు దానికి తోడుగా పనికొస్తాయి గానీ దాని బదులు పనికిరావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టంతోనే పెళ్లి నమోదు తప్పనిసరి అయింది. ఎవరికైనా ఇది రెండో పెళ్లయితే మొదటి పెళ్లి విడాకుల డిక్రీ కూడా పెట్టాలి. పుట్టిన తేదీ నమోదు కాకుండా ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వుతో నమోదు చేయించుకోవచ్చు. పదహారేళ్లు నిండినవారికి పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి పోలీస్ క్లియరెన్స్ కావాలి. అమెరికాలోని జీవిత భాగస్వామి ఐ-864 అనే హామీపత్రం ఇవ్వాలి. వారి ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి ఇది ఏడాదికి 26,437 డాలర్లు. అంత లేకపోతే మరొకరు ఉమ్మడి హామీదారుగా సంతకం చేయవచ్చు.

వైద్య పరీక్షను చాలామంది లాంఛనం అనుకుంటారు. నెలలు కరిగిపోయేది అక్కడే. ఊళ్లో ఎంత పేరున్న డాక్టరైనా ఆయన ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదు. కాన్సులేట్ జాబితాలోని డాక్టరే చూడాలి. టీబీ ఉందేమో చూడటానికి పదిహేనేళ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే, రెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఇగ్రా అనే రక్తపరీక్ష చేస్తారు. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా టీబీ చర్మపరీక్షను తప్పుదారి పట్టించవచ్చు. ఇగ్రాతో ఆ ఇబ్బంది లేదు.

ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా డాక్టరు వదలరు. వరుసగా మూడు రోజులు కళ్లె తీసి ల్యాబ్‌కు పంపుతారు. కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఈలోగా ఇంటర్వ్యూ తేదీ దాటిపోయినా చేసేదేమీ లేదు. టీబీ ఉందని తేలితే సిబ్బంది కళ్లముందే మందులు మింగే చికిత్స పూర్తిచేయాలి. పాత ఎక్స్‌రే ఫిల్ములు, మందులు వాడిన కాగితాలు వెంట తీసుకెళ్తే మచ్చ పాతదేనని చూపించడానికి ఆధారం ఉంటుంది. ఆ జబ్బు సంగతి దాచడం తెలివితక్కువ పని. ఎక్స్‌రే ఎలాగూ చెబుతుంది.

తట్టు, గవదబిళ్లలు, ధనుర్వాతం, చికెన్‌పాక్స్ టీకాల వివరాలూ చూస్తారు. చిన్ననాటి కార్డు పోయినవారికి అక్కడే వేస్తారు. గర్భిణులకు కొన్ని టీకాలు వేయరు, ఆ కారణం ఫారంలో రాస్తారు. కోవిడ్ టీకా నిబంధనను 2025లో తీసేశారు. తాగి బండి నడిపిన కేసు ఉంటే మద్యం అలవాటు మీద కూడా ప్రశ్నలు వస్తాయి. పరీక్ష సాధారణంగా ఆరు నెలలు చెల్లుతుంది, టీబీ అనుమానాల్లో మూడు నెలలే. వీసా గడువు దీన్ని దాటదు కాబట్టి మరీ ముందుగా చేయించుకుంటే ప్రయాణానికి రోజులు మిగలవు.

ఇంటర్వ్యూ కిటికీ దగ్గర కొద్ది నిమిషాల్లోనే అయిపోవచ్చు. వేలిముద్రలు తీసుకుంటారు, నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయి, భర్త ఏ ఊళ్లో ఏం పని చేస్తారు, పెళ్లయ్యాక ఎన్నిసార్లు వచ్చారు లాంటివి అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. లేని ప్రేమకథ అల్లితేనే ముప్పు. ఆల్బమ్ మోసుకెళ్లనక్కర్లేదు, రెండు కుటుంబాలూ కనిపించే పది పదిహేను ఫొటోలు చాలు. పెళ్లికి పదిరోజుల సెలవు మీద వచ్చి వెళ్లిపోయిన పెళ్లికొడుకు విషయంలో తాళి కట్టే ఫొటో కన్నా ఆ తర్వాతి విమాన టికెట్లు, డబ్బు పంపిన రసీదులు, బీమా నామినీ కాగితం ఎక్కువ చెబుతాయి. ఈ జాగ్రత్తంతా ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. దొంగపెళ్లికి ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉన్నాయి. ఒకసారి ఆ ముద్ర పడితే తర్వాత ఎవరు పిటిషన్ వేసినా ఆమోదించరు.

చదువుకో ఉద్యోగానికో వెళ్లి అక్కడే పౌరులను పెళ్లాడినవారు గ్రీన్‌కార్డు కోసం ఐ-485 వేస్తారు. వైద్య ఫారం ఐ-693ను 2024 డిసెంబర్ 2 నుంచి దానితోపాటే జతచేయాలి. అక్కడ భార్యాభర్తలిద్దరినీ కలిపి కూర్చోబెడతారు. అనుమానం వస్తే విడివిడిగా ఒకే ప్రశ్నలు అడిగి జవాబులు పోల్చుతారు. 1975 నాటి న్యూయార్క్ కేసు పేరుతో దీన్ని స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు.

ముంబైలో వీసా బదులు 221(జి) చీటీ చేతికొస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు ఏదో కాగితం తక్కువైందనే దానర్థం, అది ఇవ్వడానికి ఏడాది సమయం ఉంటుంది. వీసాతో సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని విప్పకూడదు. సీఆర్-1 మీద వెళ్లినవారికి రెండేళ్ల షరతుల కార్డే వస్తుంది, 1986 చట్టం తెచ్చిన నిబంధన ఇది. ఆ కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. కార్డు చేతికి రాగానే ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.