పడవకు చిల్లు పెట్టకుండా లోతు తెలుసుకుందాం!

గోదావరిలో పడవ నడిపేవారు గెడ వేసి లోతు చూస్తారు. గెడ అందని చోట తాడుకు సీసపు గుండు కట్టి వదలడం నావికుల పాత పద్ధతి. ఇప్పుడు ఆ పని డెప్త్ ఫైండర్ అనే చిన్న యంత్రం చేస్తోంది. తెరచాప పడవకు ఇది మరీ అవసరం. ఎందుకంటే దాని అడుగున కీల్ అనే బరువైన రెక్క నీటిలోకి దిగి ఉంటుంది. లోతు తగ్గితే ముందుగా నేలకు తగిలేది అదే.

ఈ యంత్రం పనిచేసేది మనం చదువుకున్న ప్రతిధ్వని సూత్రం మీదే. ట్రాన్స్‌డ్యూసర్ అనే భాగం అతిధ్వనులను కిందికి పంపుతుంది. అవి నేలకు తగిలి తిరిగి వస్తాయి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పోయి రావడానికి 0.02 సెకను పడితే మొత్తం దూరం 30 మీటర్లు, అంటే లోతు 15 మీటర్లు.

ట్రాన్స్‌డ్యూసర్ నీటిని తాకాలని చాలామంది పడవ అడుగున రంధ్రం చేయిస్తారు. ఆ రంధ్రం దగ్గర సీలు చెడితే నీరు లోపలికి వస్తుంది. గట్టి ఫైబర్ పడవకు ఈ బాధ అక్కర్లేదు. ధ్వని ఫైబర్ గుండా పోగలదు. దానికి అసలు శత్రువు గాలి. మధ్యలో పలుచని గాలి పొర ఉన్నా ధ్వని దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది. స్కానింగ్ చేసేటప్పుడు డాక్టర్లు పొట్టపై జెల్ రాసేది కూడా ఈ గాలిని తొలగించడానికే. ఫైబర్ పొరల మధ్య ఫోమ్ గానీ తేలిక కర్ర గానీ ఉన్న చోట ఈ పద్ధతి పనికిరాదు. చెక్క, ఇనుప పడవలకూ పనికిరాదు.

ముందు పరీక్ష చేయాలి. పడవ నీటిలో ఉండగా, నీరు నింపిన ప్లాస్టిక్ కవర్‌లో ట్రాన్స్‌డ్యూసర్ ఉంచి, కీల్‌కు ముందున్న చోట లోపలి నుంచి అడుగుకు ఆనించాలి. కింద కూడా తడి చేయాలి. యంత్రం చూపే అంకెను గుండు కట్టిన తాడుతో సరిచూడాలి. రెండూ కలవకపోతే చోటు మార్చి చూడాలి.

చోటు కుదిరాక అక్కడి రంగు, జిడ్డు తీసి, గరుకు కాగితంతో రుద్ది, ఆరనివ్వాలి. ఎపాక్సీని బుడగలు లేకుండా పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను మెల్లగా తిప్పుతూ అదిమి, ముఖం నేరుగా కిందికి ఉండేలా నిలిపి, గట్టిపడే వరకు కదల్చకూడదు. వైరును ఇంజిన్ వైర్లకు దూరంగా తీసుకెళ్లి, ఫ్యూజు ద్వారా బ్యాటరీకి కలపాలి.

ఒక లెక్క మరవకూడదు. యంత్రం చూపేది ట్రాన్స్‌డ్యూసర్ నుంచి నేల వరకు ఉన్న లోతు. అది 2 మీటర్లు చూపుతూ, కీల్ ఇంకా 1 మీటరు కిందికి ఉంటే, మిగిలింది 1 మీటరే! ఈ తేడాను యంత్రంలో ముందే నమోదు చేయాలి. ఫైబర్ గుండా పోయేటప్పుడు ధ్వని కొంత బలం కోల్పోతుంది కాబట్టి చాలా ఎక్కువ లోతులు అందవు. కానీ చిన్న పడవకు ప్రమాదం తక్కువ లోతులోనే కదా!

రెండు మార్కుల ప్రశ్న కోసం మనం బట్టీపట్టే ప్రతిధ్వని పాఠం ఒక పడవను చిల్లు లేకుండా కాపాడుతోంది. పాఠాన్ని అర్థం చేసుకుని చదివితే అది పరీక్ష తర్వాత కూడా మనకు తోడుంటుందని మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మనవి చేస్తున్నాం.